నీరు పల్లమెరుగు.. పైపు మాత్రం పైకెక్కాలి!

* కొత్త డిష్‌వాషర్‌లో నీళ్లు నిలిస్తే కంగారొద్దు
* లోపం మిషనులో కంటే ముందు గొట్టం చివర వెతకండి
* ఒక్క బకెట్‌తో తేలిపోయే తగాదా

ఆవడి: మిషను ఇంటికొచ్చింది. పెట్టె విప్పారు. పసుపు, కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టారు. కంపెనీ మనిషి వచ్చి బిగించి వెళ్లాడు. రాత్రి భోజనాలయ్యాక బోకులన్నీ అరల్లో సర్ది మీట నొక్కి పడుకున్నారు. పొద్దున్నే తలుపు తీసి చూస్తే.. అడుగున నాలుగు వేళ్ల లోతు మురికినీళ్లు. పైన తేలుతున్న కరివేపాకు. గిన్నెలకు జిడ్డు అలాగే ఉంది. వేలకు వేలు పోసి కొన్న మిషను మొదటి వారమే మొరాయించిందని ఇల్లంతా దిగాలు.

అసలు తంటా ఆ తర్వాత మొదలవుతుంది. కంపెనీ మెకానిక్ వచ్చి ‘మా మిషను బాగానే ఉంది, మీ ఇంటి పైపులోనే అడ్డుంది’ అంటాడు. ప్లంబరును పిలిస్తే ‘పైపు శుభ్రంగా ఉంది, మిషనే తేడా’ అంటాడు. ఇద్దరికీ డబ్బులిచ్చేది మాత్రం ఇంటివాళ్లే. పని సగంలో ఆగి, బోకులు మళ్లీ సింకులోకి చేరతాయి. తోమేది మళ్లీ ఇల్లాలే. ఎవరి మాట నిజమో తేల్చుకోవడం మాత్రం పెద్ద విద్యేం కాదు. ఒక బకెట్, ఒక టార్చిలైటు, ఓ అరగంట ఓపిక ఉంటే చాలు.

రాకడ తెలుసు.. పోకడే తెలియదు

ఆవడి అంటే యుద్ధ ట్యాంకుల ఊరు. 1961లో ఇక్కడ భారీ వాహనాల కర్మాగారం వచ్చింది. 1965లో తొలి ‘విజయంత’ ట్యాంకు ఇక్కడి నుంచే బయటికి నడిచింది. ఇంజిన్ల ఫ్యాక్టరీ, సైనిక దుస్తుల ఫ్యాక్టరీ, రక్షణ పరిశోధన సంస్థ.. వీటన్నిటి చుట్టూ పెరిగిన ఊరు 2019లో నగరపాలక సంస్థ అయింది. ఉద్యోగాలకని చిత్తూరు, నెల్లూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనవాళ్లూ ఇక్కడున్నారు. తిరుత్తణి, తిరువళ్లూరుల్లో ముందునుంచీ ఉన్న మన కుటుంబాల సంగతి చెప్పక్కర్లేదు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి అప్పటి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. సరిహద్దు జరిగింది గానీ వంటింటి మాట మారలేదు. కోస్తావాళ్లు అంట్లంటే మనం ఇప్పటికీ బోకులే అంటాం.

నీళ్ల గురించి ఈ ప్రాంతంలో ఎవరినడిగినా గంటసేపు చెబుతారు. 1983లో కుదిరిన తెలుగుగంగ ఒప్పందం, 1996లో కండలేరు నుంచి కాలువ దాటి పూండి జలాశయానికి తొలిసారి చేరిన కృష్ణమ్మ, లారీ నీళ్లు, బోరు నీళ్లు.. అన్నీ నోటికి వచ్చినవే. అయితే మన మాటలన్నీ నీళ్ల రాకడ గురించే. వాడిన నీళ్లు ఎటు పోతున్నాయో ఎవరూ పట్టించుకోరు. సింకు కింద తలుపు తీసి చూసి ఎన్నాళ్లయిందో ఒక్కసారి గుర్తు చేసుకోండి! డిష్‌వాషర్ వచ్చిన రోజే ఆ పోకడ సంగతి బయటపడుతుంది.

ఇది ఇవాళ్టి కష్టం కూడా కాదు. అమెరికాలోని షెల్బీవిల్‌కు చెందిన జోసెఫిన్ కాక్రేన్ అనే మహిళ 1886 డిసెంబరు 28న ఈ యంత్రానికి పేటెంటు పొందారు. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో దాన్ని చూసి మెచ్చుకుని కొన్నది ఎక్కువగా హోటళ్లవాళ్లే. ఇళ్లలో అంత వేడినీళ్లు, అందుకు తగ్గ పైపుల ఏర్పాట్లు అప్పట్లో లేవు. మన దేశంలో 2020 లాక్‌డౌన్‌లో పనిమనుషులు రావడం ఆగిపోయాక వీటికి ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. మిషను కొత్తదే. అది చేరిన వంటిల్లు మాత్రం చేత్తో తోముకోవడానికి కట్టింది.

సెమీ ఆటోమేటిక్ అలవాటే కొంప ముంచుతోంది

మనలో చాలామందికి తెలిసింది బట్టలుతికే సెమీ ఆటోమేటిక్ మిషను. దాని గొట్టాన్ని నేల మీద జాలీ దగ్గర పడేస్తే నీళ్లు వాటంతటవే పోతాయి. నీరు పల్లమెరుగు అన్నది అక్కడ అక్షరాలా నిజం. గొట్టం ఎంత కిందకుంటే అంత మంచిది. పైకెత్తితే నీళ్లు ఆగిపోతాయి.

డిష్‌వాషర్ సంగతి వేరు. దీని అడుగున ఒక చిన్న పంపు ఉంటుంది. వాడిన నీళ్లను అదే పైకి తోసి బయటికి పంపుతుంది. అందుకే గొట్టం మిషను వెనుక నుంచి ముందు పైకి లేచి, తర్వాతే కిందకు దిగాలి. గొట్టం చివర లేదా దాని వంపు నేల నుంచి ఇంత ఎత్తులో ఉండాలని మిషనుతో వచ్చే పుస్తకంలో రాసి ఉంటుంది. చాలా మోడళ్లకు అది 40 నుంచి 100 సెంటీమీటర్ల మధ్య. అంటే మోకాలి దగ్గర్నుంచి వంటగట్టు అంచు దాకా అన్నమాట. మీ మోడలుకు ఎంతో పుస్తకంలో చూసి, టేపు పెట్టి కొలవండి.

ఈ ఎత్తు ఎందుకు? డ్రమ్ములోంచి కిరసనాయిలు తీసేటప్పుడు ట్యూబు ఒక కొస నోటితో పీల్చి కింద పెడితే ఏమవుతుంది? డ్రమ్ము ఖాళీ అయ్యేదాకా దానంతటదే కారుతూనే ఉంటుంది. డిష్‌వాషర్ గొట్టాన్ని నేల జాలీలో పడేస్తే జరిగేదీ ఇదే. పంపు ఒక్కసారి నీళ్లు తోసిందంటే, ఆ తర్వాత కొత్తగా పట్టిన మంచినీళ్లు కూడా గొట్టంలోంచి జారిపోతాయి. మిషను మళ్లీ పడుతుంది. మళ్లీ పోతాయి. చివరికి గిన్నెలు తడుస్తాయి గానీ శుభ్రపడవు. కొన్ని మిషన్లు ‘నీళ్లు రావడం లేదు’ అనే గుర్తు చూపించి ఆగిపోతాయి. ఇంటివాళ్లు కుళాయి తప్పనుకుంటారు. తప్పు కుళాయిది కాదు, గొట్టానిది.

వంపు లేకపోతే ఇంకో ప్రమాదం కూడా ఉంది. సింకు నిండినప్పుడు ఆ మురికినీళ్లు గొట్టం గుండా వెనక్కి నడిచి, కడిగిన గిన్నెల మధ్యకు చేరతాయి. పొద్దున తలుపు తీయగానే వచ్చే కంపు చాలాసార్లు దీనివల్లే.

ముందు ఇది చూడండి

అడుగున నీళ్లు కనిపించినంత మాత్రాన లోపం ఉన్నట్టు కాదు. ఫిల్టరు కింద గుంటలో కాసిని నీళ్లు ఎప్పుడూ నిలుస్తాయి. అక్కడి రబ్బరు ఎండిపోకుండా ఆ తడి ఉండాల్సిందే. ఫిల్టరు జాలీ దాటి పైకి వచ్చి, అడుగు పళ్లెమంతా పరుచుకుంటేనే అనుమానించాలి.

మధ్యలో కరెంటు పోయిందా? ఎవరైనా మీట నొక్కి ఆపేశారా? అయితే నీళ్లు లోపలే ఉండిపోతాయి. ప్రోగ్రామును రద్దు చేయండి. చాలా మిషన్లలో స్టార్టు మీటనో, రీసెట్ మీటనో మూడు సెకన్లు నొక్కి పడితే పంపు ఓ నిమిషం తిరిగి నీళ్లను బయటికి తోసేస్తుంది. ఆ నిమిషం చెవి ఒగ్గి వినండి.

గరగరమంటూ నీళ్లు పోతున్న చప్పుడు వస్తే పంపు పని చేస్తోంది. మోటారు మూలుగుతోంది గానీ నీళ్లు కదలడం లేదంటే ఎక్కడో అడ్డుంది. అసలు చప్పుడే లేదంటే పంపుకు కరెంటు అందడం లేదు, లేదా పంపే చెడింది. ఈ మూడో దానికి మన చేతిలో మందు లేదు. కంపెనీకి ఫోను చేయాల్సిందే.

బకెట్ పరీక్ష

తగాదా తేల్చేది ఇదే. సింకు కింద డిష్‌వాషర్ గొట్టం కలిసే చోట క్లిప్పు వదులు చేసి గొట్టం ఊడదీయండి. కింద పాత గుడ్డ పరచండి. 15 లీటర్లకు తగ్గని బకెట్‌ను స్టూలు మీద పెట్టి, గొట్టం చివరను పైనుంచి అందులో ఉంచి చేత్తో గట్టిగా పట్టుకోండి. గొట్టాన్ని బకెట్ అడుగుదాకా దించకండి. ఇప్పుడు మళ్లీ ప్రోగ్రాము రద్దు చేసి పంపును తిప్పండి. అప్పుడే ఆగిన మిషనైతే నీళ్లు బాగా వేడిగా ఉంటాయి. చల్లారాకే ఈ పని పెట్టుకోండి. పిల్లలను దగ్గరికి రానివ్వకండి.

నీళ్లు బకెట్‌లోకి జోరుగా దూకాయా? మిషను, దాని గొట్టం నిక్షేపంగా ఉన్నట్టే. లోపం ఇంటి పైపులో ఉంది. బకెట్‌లోకి సన్నగా కారాయా, అసలు రాలేదా? అడ్డు గొట్టంలోనో, ఫిల్టరులోనో, పంపులోనో ఉంది. ఇంత తెలిస్తే సగం ఖర్చు మిగిలినట్టే. ఎవరిని పిలవాలో మీకే తెలుస్తుంది.

మనం ‘అడ్డు’ అనేదాన్ని ఇక్కడి ప్లంబర్లు ‘అడైప్పు’ అంటారు. ఊరికే ‘తణ్ణి పోగల’ అని ఫోను చేస్తే అతను సింకొక్కటే గుచ్చి వెళ్లిపోతాడు. ‘బకెట్‌ల వరుదు, సింక్‌ల పోగల’ అని చెప్పి చూడండి. ఎక్కడ వెతకాలో అతనికి అక్కడే అర్థమైపోతుంది.

లోపం ఇంటి పైపులో ఉంటే..

కొత్తగా బిగించిన ఇళ్లలో మొట్టమొదట చూడాల్సింది సింకు కింద పక్కకు పొడుచుకొచ్చిన చిన్న మూతిని. మిషను గొట్టం తగిలించడానికే దాన్ని ఇస్తారు. వాడనప్పుడు నీళ్లు కారకుండా దాని లోపల పల్చటి ప్లాస్టిక్ పొరో, బిరడానో ఉంటుంది. గొట్టం తగిలించే తొందరలో ఆ పొర కోయడం, బిరడా తీయడం మరిచిపోతుంటారు. పైకి చూస్తే అంతా సక్రమంగా బిగించినట్టే ఉంటుంది. నీళ్లకు మాత్రం దారుండదు. టార్చి వేసి మూతిలోకి చూడండి. అటు వైపు వెలుతురు కనిపించకపోతే దొంగ దొరికినట్టే. కొన్నిసార్లు కొత్త గొట్టం చివరే రవాణా కోసం పెట్టిన చిన్న మూత ఉండిపోతుంది. అదీ చూడండి.

మూతి బాగుంటే తర్వాత సీసా ఆకారంలో ఉండే ట్రాపు. పప్పు తేట, నెయ్యి, చింతపండు పిప్పి, కాఫీ పొడి.. ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉంటాయి. చేత్తో తోమినప్పుడు కుళాయి నీళ్లు సన్నగా పడతాయి కాబట్టి సగం పూడిన ట్రాపు కూడా ఎలాగో నెట్టుకొస్తుంది. డిష్‌వాషర్ పంపు ఒక్కసారిగా మూడు, నాలుగు లీటర్లు తోసేసరికి దాని బండారం బయటపడుతుంది. నీళ్లు సింకులోకి ఎగదన్నుతాయి. మిషను నీళ్లు వదిలేటప్పుడు సింకులో మురికి పొంగుతోందంటే కారణం ఇదే. కింద బకెట్ పెట్టి ట్రాపు మరచుట్టు విప్పి కడగండి.

సింకు నుంచి గోడ దాకా వెళ్లే ముడతల ప్లాస్టిక్ పైపును కూడా గమనించండి. పల్చటి రకమైతే మిషను వదిలే వేడినీళ్లకు మెత్తబడి నడుము వంగినట్టు కుంగుతుంది. ఆ కుంగిన చోట జిడ్డు పేరుకుంటుంది. వేడి తట్టుకునే గట్టి పైపు వేయించుకుంటే ఒక్క ఖర్చుతో పోతుంది.

ఫ్లాట్లలో సర్వీసు బాల్కనీలో బట్టల మిషను, బోకుల మిషను పక్కపక్కనే పెట్టి రెండు గొట్టాలనూ ఒకే పైపులో దూర్చడం మామూలైపోయింది. బట్టల మిషను నీళ్లు వదిలినప్పుడు ఆ సబ్బునీళ్లు డిష్‌వాషర్‌లోకి ఎదురెక్కే ప్రమాదం ఉంది. రెంటికీ విడివిడి దార్లుండాలి. అలా కుదరకపోతే నీళ్లు ఒక్క వైపుకే పోనిచ్చే వాల్వు పెట్టించుకోవాలి. నిలువు పైపులో గొట్టం దూర్చినప్పుడు చుట్టూ గాలి ఆడే సందు ఉంచండి. కారుతుందేమోనని గుడ్డలు కుక్కి, ఎంసీల్ పెట్టి మూసేస్తే గాలి ఆడక నీళ్లు సరిగా దిగవు. గొట్టం మూతి పైపులో నిలిచిన నీళ్లలో మునిగి ఉండకూడదు కూడా.

లోపం గొట్టంలో ఉంటే..

మిషనును గట్టు కిందకు నెట్టేటప్పుడు వెనుక గొట్టం నలుగుతుంది. గోడకు, మిషనుకు మధ్య చితికి మడత పడుతుంది. కొత్త మిషన్లలో ఎక్కువగా దొరికే తప్పుల్లో ఇదొకటి. మిషనును కొంచెం ముందుకు లాగి టార్చి వేసి చూడండి. మడత విప్పి, క్లిప్పుతో గోడకు పట్టించి, మెల్లగా వెనక్కి నెట్టండి. నెడుతున్నప్పుడు ఇంకొకరు సింకు కింద నుంచి గొట్టాన్ని కొద్దికొద్దిగా లాగుతుంటే మళ్లీ నలగదు.

సింకు దూరమైతే గొట్టానికి అతుకు వేస్తారు. ఎంత పొడవు దాకా వేయొచ్చో పుస్తకంలో ఉంటుంది. దాన్ని మించితే పంపుకు అంత దూరం తోసే శక్తి ఉండదు. అతుకు దగ్గర సన్న పైపు వాడితే అన్నం మెతుకులు అక్కడే ఇరుక్కుంటాయి. వీలైనంత వరకు మిషనును సింకు పక్కనే పెట్టుకోవడం మేలు.

లోపం మిషను లోపల ఉంటే..

స్విచ్ ఆపడం కాదు, ప్లగ్గు ఊడదీయాలి. ఆ తర్వాతే లోపల చేయి పెట్టాలి. కింది అర బయటికి తీసి, ఫిల్టరును తిప్పి పైకి లాగండి. గుండ్రటి జాలీ, దాని కింద పళ్లెం లాంటి జాలీ.. రెంటినీ కుళాయి కింద మెత్తటి బ్రష్షుతో కడగండి. మన వంటకు వారానికి ఒకసారైనా కడగాల్సిందే. కరివేపాకు, ఆవాలు, మునక్కాయ పిప్పి, చేప ముల్లు, నిమ్మ గింజ.. మన జాలీలో దొరికేవి ఇవి.

కొన్ని మోడళ్లలో ఫిల్టరు తీశాక కింద పంపు మూత కనిపిస్తుంది. గుంటలో నీళ్లు స్పాంజితో తోడేసి, పుస్తకంలో చెప్పిన పద్ధతిలో మూత ఊడదీయండి. లోపల చిన్న చక్రం ఉంటుంది. గింజో, ముల్లో, గాజు పెంకో దానికి అడ్డం పడితే మోటారు మూలుగుతుందే తప్ప తిరగదు. గాజు పెంకులు చేతికి గుచ్చుకుంటాయి, జాగ్రత్త. తీసేశాక మూతను ‘టక్’మనే దాకా నొక్కి పెట్టాలి. అది సరిగా కూర్చోకపోయినా నీళ్లు పోవు.

మిషను మీద కనిపించే అంకెలు కూడా చాలా చెబుతాయి. బాష్ మిషన్లలో ‘ఈ 24’ అంటే నీళ్లు బయటికి పోవడం లేదని, గొట్టం మడత పడిందో పూడిందో చూడమని. ‘ఈ 25’ అంటే పంపుకు అడ్డు పడిందనో, మూత సరిగా కూర్చోలేదనో. ఎల్‌జీ మిషన్లలో ‘ఓఈ’ అంటే నీళ్లు పోవడంలో తేడా. మిగతా కంపెనీల గుర్తులు వాటి పుస్తకాల చివరి పేజీల్లో ఉంటాయి. పుస్తకాన్ని అట్టపెట్టెతో పాటు పాత సామాన్లవాడికి వేసేయకండి!

సబ్బు నురగతో చిక్కు

చేత్తో తోమే ద్రవం సబ్బును డిష్‌వాషర్‌లో పోయడం మరో తప్పు. ‘అదీ బోకుల సబ్బే కదా’ అనుకుంటారు. దాని నురగ మిషను నిండా పొంగుతుంది. పంపు నీళ్లను తోయగలదు గానీ నురగను తోయలేదు. నీళ్లు ఆగుతాయి, తలుపు సందుల్లోంచి నురగ కారుతుంది. అలా జరిగితే మిషను ఆపి, నురగ అణిగేదాకా తలుపు తెరిచి ఉంచండి. తర్వాత సబ్బు లేకుండా రెండు మూడుసార్లు ఉత్త నీళ్లతో తిప్పండి. ఇకపై డిష్‌వాషర్‌కని అమ్మే పొడి, బిళ్లలే వాడండి.

గిన్నెల మీద తెల్లటి పొర కనిపిస్తే అందుకు నీళ్లు నిలవడం కారణం కాకపోవచ్చు. చేత్తో రుద్దితే సుద్దలా రాలితే అది ఉప్పునీటి మరక. బోరు నీళ్ల ఇళ్లలో ఇది మామూలే. మిషను అడుగున ఉప్పు గిన్నె ఉంటే అందులో డిష్‌వాషర్ ఉప్పు పోయాలి. వంట ఉప్పు పోయకూడదు. సుద్దలా కాకుండా జిడ్డుగా, ఇసుకలా తగిలితే మాత్రం మురికినీళ్లు పూర్తిగా పోలేదని అర్థం. ఫిల్టరు, గొట్టం చూడండి.

వానాకాలం వస్తే..

మన దగ్గర పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2015 డిసెంబరు వరదలో, 2023 డిసెంబరు మిచాంగ్ తుపానులో చెన్నై, తిరువళ్లూరు జిల్లాల పల్లపు వీధులు ఎలా మునిగాయో ఎవరూ మరిచిపోలేదు. వీధి కాలువ నిండితే ఇంటి చాంబరు నిండుతుంది. చాంబరు నిండితే నేల జాలీలోంచి మురుగు పైకి తన్నుతుంది. సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇళ్లలోనూ అదే కథ. డిష్‌వాషర్ గొట్టం ఆ జాలీలోనే ఉంటే మురుగునీళ్లు దాన్ని పట్టుకుని మిషనులోకి చేరే ప్రమాదముంది. గట్టు ఎత్తున వంపు తిప్పి కట్టిన గొట్టం ఉన్న ఇంటికి ఆ భయం చాలావరకు తగ్గుతుంది. వీధిలో నీళ్లు నిలిచిన రోజు మిషను తిప్పకండి. ప్లగ్గు తీసేసి, నీళ్లు తగ్గాకే వాడండి.

ఇవి మాత్రం చేయొద్దు

- నీళ్లు నిలిచిన మిషనును వెల్లకిలా పడుకోబెట్టకండి. నీళ్లు అడుగు పళ్లెంలోకి, వైర్ల మీదకు దిగుతాయి.
- సింకు అడ్డు కరిగించే మందులను మిషనులో పోయకండి. గొట్టం సింకుకు కలిసి ఉన్నప్పుడు సింకులోనూ వద్దు. ఆ మందు గొట్టంలోకి ఎగదన్నితే రబ్బరు భాగాలు పాడవుతాయి.
- ప్రోగ్రాము ఏదీ లేకున్నా పంపు ఆగకుండా తిరుగుతోందా? అడుగు పళ్లెంలోకి నీళ్లు కారుతున్నాయన్న సూచన కావచ్చు. బాష్ మిషన్లలో ‘ఈ 15’ అని వస్తుంది. కుళాయి కట్టేసి, ప్లగ్గు తీసి కంపెనీని పిలవండి. మీరు విప్పితే వారంటీకి ఎసరు.
- వేపుడు కళాయిని అలాగే మిషనులో పెట్టకండి. పాత కాగితంతో నూనె తుడిచి, మెతుకులు విదిలించి పెడితే మిషనుకూ మంచిది, పైపుకూ మంచిది. అంతకు మించి ముందే కడగక్కర్లేదు.

సంతకం పెట్టేముందు..

బిగించడానికి వచ్చిన మనిషి పని అయిపోయిందని కాగితం ముందు పెడతాడు. అక్కడ తొందరపడొద్దు. మిషను ఖాళీగా ఉండగానే అతని ఎదుటే చిన్న ప్రోగ్రాము తిప్పించండి. నీళ్లు పట్టడం, తిరగడం, బయటికి పోవడం మూడూ చూడండి. సింకు కింద చేయి పెట్టి తడి ఉందేమో తడమండి. గొట్టం ఎంత ఎత్తులో వంపు తిరిగిందో కొలిచి చూపించమనండి. నేల జాలీలో పడేస్తానంటే ఒప్పుకోకండి. అన్నీ సరిపోయాకే సంతకం. తేడా ఉంటే ఆ మాట అదే కాగితం మీద రాయించి ఫొటో తీసి పెట్టుకోండి.

రెండు మూడుసార్లు పిలిచినా బాగు కాలేదా? బకెట్ పరీక్షను సెల్‌ఫోనులో వీడియో తీయండి. బిల్లు, వారంటీ కార్డు, సర్వీసు కాగితాలు ఒకచోట చేర్చండి. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. పలక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయొచ్చు. అక్కడా తేలకపోతే తిరువళ్లూరులో జిల్లా వినియోగదారుల కమిషను ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. 5 లక్షల రూపాయల లోపు సరుకుకు ఫీజు ఉండదు.

అయితే ఫిర్యాదు దాకా వెళ్లే ముందు గొట్టం ఎత్తు కొలవండి, మూతిలో పొర చూడండి, ఫిల్టరు కడగండి. ఈ మూడూ మీ చేతిలోని పనులే, పైసా ఖర్చు లేనివే. మూడూ చూశాక కూడా నీళ్లు బకెట్‌లోకి రాకపోతే అప్పుడు గట్టిగా అడగండి. ‘మీ పైపులోనే తప్పు’ అని తప్పించుకోవడానికి ఎవరికీ వీలుండదు.